ముంత మెడ మీది మైనం

"దొంగ అనకు దాన్ని."

"నేనేమన్నా కల్పించానా అమ్మమ్మా? తవ్వకం నోటుబుక్కులో ఉంది. ఉన్నది చదివా, అంతే."

"నోటుబుక్కులో ఉంటే నిజమైపోద్దా?"

"మరి కాదని నీకెట్టా తెలుసు? ఆ టైములో జల్లెడ దగ్గరున్నానని నువ్వే అన్నావుగా."

"నేనెక్కడుంటే నీకెందుకు? ముందా ల్యాప్‌టాప్ ముయ్యి. వచ్చిందగ్గర్నుంచీ కరెంటు తింటానే ఉంది."

"ఇది బ్యాటరీ మీద నడుస్తోంది. అయినా నీ కోపం దీనిమీద కాదులే."

కాదు. దానిమీద కాదు, పిల్ల మీదా కాదు. నలభై ఏళ్ళ పైనుంచి నేనొక మాట లోపల పెట్టుకుని మోస్తున్నాను. తట్టలో మట్టి అయితే ఎక్కడో ఒకచోట దించి నడుం సాపుకుంటాం. దీన్ని దించే చోటు దొరకలేదు. దొరకలేదా, నేను వెతకలేదా? ఈ కాగితాలు ముందేసుకున్నాక కూడా ఆ సంగతి నాకు తేలలేదు.

నా పేరు ఇక్కడ రాయను. మూడో తరగతి దాకా చదివాను. పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు ఖాళీగా ఉంటుంది, పారెయ్యబుద్ధి కాక దాచిపెట్టాను, వాటిమీద రాస్తున్నాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎదురుగా ఉంటే నా నోరు గట్టిపడుతుంది. మా ఇంట్లో నన్ను చూస్తే అందరికీ కాస్త భయం. లైటు ఊరికే వెలిగినా, అన్నం మెతుకు పారేసినా ఊరుకోనని. అంత గట్టి మనిషి ఇంత చిన్న ముంత ముందు ఏం చేసిందో మీకు చెప్పాలి.

నాతో వాదించిన పిల్ల మా అమ్మాయి కూతురు, హారిక. మేం నందిగామలో ఉంటాం. హారిక యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి, ఇప్పుడు పాత తవ్వకాల్లో దొరికిన కుండలూ పెంకులూ దేంతో చేశారో, వాటిలో ఏం దాచారో కనిపెట్టే పనిలో ఉంది. దానికో మిషను ఉందట. మన కంటికి కనపడే ఎరుపుకి అవతల ఇంకో వెలుతురు ఉంటుందనీ, కనపడదు గానీ పొయ్యి దగ్గర కూర్చుంటే చర్మానికి తెలిసేది అలాంటిదేననీ చెప్పింది. ఆ వెలుతురును వస్తువు మీద వేస్తారు. ఒక్కో పదార్థం అందులోంచి తనకి కావలసిన పాలు మింగుతుంది, మిగతాది వదిలేస్తుంది. మింగినచోటల్లా కాగితం మీద గీత దిగుతుంది. ఆ గీత చూసి ఇది సున్నం, ఇది లక్క, ఇది నూనె అని చెప్పేస్తారు. మట్టి ఎంత వేడిలో కాలిందో కూడా చెప్పొచ్చట. ఇంతా చేసి ఆవగింజంత పొడి చాలట. అంత పొదుపు మిషను మొదటిసారి చూస్తున్నానని అంటే నవ్వింది.

శనివారం సాయంత్రం వచ్చింది. వచ్చీ రాగానే నా పక్కన చాప మీద కూర్చుంది. నేను కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. డాక్టరేటు కోసం తను రాస్తున్న పుస్తకానికి అన్నిటికన్నా గొప్ప సంగతి దొరికిందని, పై వారం పెద్ద పెద్ద సార్ల ముందు అది చదవబోతున్నానని చెప్పింది. జగ్గయ్యపేట అవతల పాలేరు వాగు దగ్గర దిబ్బలో ఎప్పుడో తవ్వితే వచ్చిన చిన్న ముంత అట. ఇన్నేళ్ళూ పెట్టెలో పడి ఉందట. మెడ దగ్గర విరిగితే ఎవరో అతికారు. ఆ అతుకులోంచి సూదిమొనంత గీకి మిషన్లో పెడితే తేనెమైనం గీత వచ్చింది, మైనానికి కవల పిల్లల్లా పక్కపక్కనే రెండు పల్లాలు ఉంటాయట, అవి ఉన్నాయి. గుగ్గిలం ఉంది. అందులో కలిపిన మట్టిపొడి కూడా ఆ కాలపు మట్టే, ముంతతో సరిగ్గా సరిపోయింది.

"రెండు వేల ఏళ్ళ కిందట కుండ విరిగితే పారెయ్యకుండా అతుక్కున్నారమ్మమ్మా. ఎంత పొదుపుగా అతికారో తెలుసా? ఒక్క చుక్క పక్కకి కారలేదు."

అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

ఫొటోలో మెడ చుట్టూ నల్లటి సన్నటి గీత. దానిమీద ఒకచోట బొటనవేలి ముద్ర. ఆ ముద్రకి అడ్డంగా ఒక నెరియ.

"చూశావా, చిన్న వేలు. ఆడమనిషే అయ్యుంటది. ఈవిడెవరో ఒక్కసారి చూడాలనిపిస్తది నాకు."

నా కుడి బొటనవేలికి అడ్డంగా మచ్చ ఉంది. పెళ్ళి కాకముందు పచ్చగడ్డి కోస్తుంటే కొడవలి కోసుకుంది. ఆ వేలితోనే అప్పుడు పప్పులో రాయి తీస్తున్నాను. చేటలో పెట్టేశాను చెయ్యి.

మీతో అబద్ధం ఆడను. నాకు మొదట వచ్చింది భయం కాదు. నా చేతి పనిని జీవితంలో ఎవరూ అంత మెచ్చుకోలేదు. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఆ వెంటనే పిల్ల నోటుబుక్కు ఫొటో తీసి చదివింది. ఫలానా రోజు ముంత కనపడలేదు. కడిగే కూలీ సువార్త మీద అనుమానం, పనిలోంచి మాన్పించాం. మూడోరోజు ముంత దొరికింది. భయపడి ఎవరిచేతో పెట్టించినట్టుంది. ఆ దిబ్బ మీద నేనూ కూలికెళ్ళానని పిల్లకి తెలుసు, ఆ పూట నువ్వెక్కడున్నావంటే, మట్టి జల్లించే జల్లెడ దగ్గరున్నానన్నాను.

"పాపం, ఆ దొంగ వెనక్కి పెట్టకపోతే నా పేపరే లేదు," అంది హారిక.

అప్పుడే అన్నాను, దొంగ అనకు దాన్ని అని.

ఆ యేడు మాకు పత్తి పోయింది. దిబ్బ దగ్గర ఆడవాళ్ళకి పని ఇస్తున్నారంటే, మా ఇంటాయన ఒప్పుకున్నా మా అత్తగారు ఒప్పుకోలేదు. ఇంటి కోడలు నలుగురిలో తట్ట ఎత్తడమేంటంది. చివరికి, మాట వస్తే ఆ రోజుతో సరి, మళ్ళీ గడప దాటేది లేదని చెప్పి పంపింది. వెళ్ళాను. మొదటి వారం మట్టి మోశాను. తర్వాత పెంకులు కడిగే తొట్టి దగ్గర కూర్చోబెట్టారు. నా ఎదురుగా సువార్త.

ఎలా చెప్పను సువార్త ఎలా ఉండేదో? వత్సవాయి వైపు నించి వచ్చేది. నా ఈడుదే. చంటి ఆడపిల్లని తుమ్మచెట్టు కింద ఉయ్యాల గుడ్డలో వేసి, ఒక చేత్తో తాడు లాగుతూ రెండో చేత్తో పెంకు కడిగేది. మాకు బ్రష్షులిచ్చారు, అవి గరుకుగా ఉండి గీతలు పడుతున్నాయని, వేపపుల్ల నమిలి మెత్తగా చేసి దాంతో రుద్దేది. నాకూ ఒకటి నమిలి ఇచ్చేది. ఇంకొకళ్ళు నమిలిన పుల్ల నేను పట్టుకోవడమేంటని మొదటిరోజు చూస్తూ ఉండిపోయాను. రెండోరోజు పట్టుకున్నాను. పెంకు మీద గీతలు బయటపడుతుంటే, ఇది పప్పు కుండ, దీనిది మాడిన అడుగు, ఈ ఇంటి కోడలికి ఆ పూట తిట్లు పడ్డాయి అని చెప్పేది. నేను మా ఇంట్లో నవ్వే మనిషిని కాదు. ఆ తొట్టి దగ్గర నవ్వేదాన్ని.

నన్ను వదినా అనేది. నేనూ వదినా అనేదాన్ని. దిబ్బ మీదే. జగ్గయ్యపేట సంతలో ఒకసారి ఎదురుపడితే, పక్కన మా అత్తగారు ఉందని నేను తల పక్కకి తిప్పుకున్నాను. మర్నాడు తొట్టి దగ్గర దాని గురించి ఒక్క మాట అడగలేదు. తన చింతకాయ పచ్చడి నా అన్నంలో పెట్టింది. దాని చేతి పచ్చడిలో మెంతిపొడి కాస్త ఎక్కువ. ఇప్పటికీ నేను పచ్చడి నూరితే మెంతిపొడి ఎక్కువే వేస్తాను. మా అమ్మాయి చేదంటుంది. వినను.

ముంత వచ్చిన రోజు సువార్త పిల్లకి పాలివ్వడానికి చెట్టు కిందకి వెళ్ళింది. తొట్టి దగ్గర నేనొక్కదాన్నే. ముంత బురదతో ఉంది, ఎక్కడా పగల్లేదు. అన్నీ పెంకులే చూసి చూసి ఉన్న కళ్ళకి అది పండులా కనపడింది. కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? ఎడమ చేతిలో పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే బీట ఉన్నట్టు. మా అమ్మ నేర్పిన పని. మంచిదేనా అని కొట్టాను. ఎందుకు కొట్టాను? కొనబోతున్నానా? చెయ్యి అలవాటుపడి కొట్టింది. మెడ ఊడి నా ఒళ్ళో పడింది.

తవ్వకం సారు దగ్గరికి వెళ్ళి చెబితే ఏమయ్యేదో ఇప్పటికి వెయ్యిసార్లు అనుకున్నాను. రెండు మాటలు అనేవాడు. అంతే. కానీ అప్పుడు నాకు మా అత్తగారి గొంతు వినపడింది, మాట వస్తే ఆ రోజుతో సరి అని. గడప దాటకపోతే తొట్టి లేదు, వేపపుల్ల లేదు, వదినా అనే పిలుపు లేదు. ఆ పిలుపు పోతుందనే భయంతో రెండు ముక్కలూ సద్దిగిన్నె గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. చూడండి ఎంత తెలివో. దేన్ని పోగొట్టుకోకూడదని అలా చేశానో దాన్నే పోగొట్టుకున్నాను.

సాయంత్రం లెక్క చూస్తే ముంత లేదు. గుంట చూసుకునే సారు అందరినీ నిలబెట్టాడు. మధ్యాహ్నం తొట్టి దగ్గర ఎవరున్నారని అడిగాడు. నేను జల్లెడ దగ్గరికి వెళ్ళానండి, సువార్త ఉంది అన్నాను. అది అబద్ధం కాదు. ముంత పగిలాక నేను లేచి జల్లెడ దగ్గరికి వెళ్ళాను, సువార్త తిరిగొచ్చి కూర్చుంది. నిజాన్ని కూడా అలా వాడొచ్చని ఆ రోజు నాకు తెలిసింది.

దాని సంచి దులిపారు. ఉయ్యాల గుడ్డ విప్పించారు, నిద్రపోతున్న పిల్ల లేచి ఏడ్చింది. నా సంచి నా కాలి దగ్గరే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో అక్కడ అందరికీ తెలుసు. నేను ఫలానా వాళ్ళింటి కోడల్ని. సువార్త ఊరవతలి పేట నుంచి వచ్చిన మనిషి. అంతకన్నా కారణం లేదు.

సువార్త ఏడవలేదు. పిల్లని భుజాన వేసుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు చెప్పు వదినా. నేను తీసే మనిషినా?"

"నాకేం తెలుసు? నేను చూళ్ళేదు."

అంతే అడిగింది. అంతే చెప్పాను. నా మొహంలోకి చూసింది. తర్వాత చూపు కిందకి, నా సంచి వైపు వెళ్ళింది. వెళ్ళిందా? లేక నాకు అలా అనిపించిందా? దానికి తెలుసా? తెలిసి కూడా నోరు విప్పలేదా? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. తెలియకపోతే నేనొక అమాయకురాలిని ముంచాను. తెలిసి ఊరుకుంటే, ఊరుకున్నది ఎవరికోసం? ఏది నిజమైతే నాకు కాస్త తేలికో అది కూడా తేల్చుకోలేకపోయాను.

మర్నాటి నించి రాలేదు.

ముంతను అక్కడే దిబ్బ మీద పారేసి ఉంటే బాగుండేది. పారెయ్యలేకపోయాను, విరిగినదాన్ని పారేసే చెయ్యి కాదు నాది. మా అత్తగారు పొలానికి వెళ్ళిన పూట ఇనుప గరిటెలో మైనం, గుగ్గిలం కలిపి కరిగించాను. మా పుట్టింట్లో బీట పడిన నీళ్ళ కుండకి అలాగే వేసేవాళ్ళం. మామూలుగా ఇటుక పొడి కలుపుతాం. రంగు తేడా తెలుస్తుందని, దిబ్బ మీద నుంచి పనికిరాని పెంకు ఒకటి తెచ్చి నూరి కలిపాను. అందుకే హారిక మిషను కూడా మోసపోయింది. వేడిగా ఉండగానే వేలు నీళ్ళలో ముంచి మెడ చుట్టూ అద్దాను. తర్వాత బురద పూసి తీసుకెళ్ళి, తొట్టి పక్కన పెంకుల కుప్ప అడుగున పెట్టాను.

దొరికితే సువార్త మీద మాట పోతుందనుకున్నాను. దేవుడి సాక్షిగా అలాగే అనుకున్నాను. కానీ దొరికాక అందరూ ఏమన్నారు? చూశారా, భయపడి తెచ్చి పెట్టించింది, అంటే తీసింది అదే అన్నారు. అప్పటిదాకా అనుమానం. నేను తిరిగి పెట్టాక రుజువైంది. సారు ముంత కడిగి, మెడ చూసి, ఆ కాలంలోనే అతికారని సంబరపడ్డాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ పని ఇంకా నాలుగు నెలలు నడిచింది. నాలుగు నెలలూ వెళ్ళాను. ఎదురుగా ఇంకెవరో కూర్చున్నారు, ఎవరో కూడా గుర్తులేదు. వేపపుల్ల నేనే నమలడం నేర్చుకున్నాను.

ఆ తర్వాత సువార్తను ఒక్కసారి చూశాను. నందిగామ బస్టాండులో. పిల్ల పెద్దదైంది, చెయ్యి పట్టుకుని ఉంది. నెత్తిన మూట. నేను స్తంభం వెనక్కి జరిగాను. మిరపకోతలకి చెవిటికల్లు వైపు వెళ్తున్నారని పక్కవాళ్ళ మాటల్లో వినపడింది. బస్సు కదిలాక బయటికొచ్చాను. కిటికీలోంచి దాని మోచెయ్యి ఒక్కటే కనపడింది. ఎంతమంది మోచేతులు చూసినా నాకు అదే గుర్తుకొస్తుంది. ఇప్పుడు ఉందో లేదో తెలియదు. చెవిటికల్లు ఇక్కడికి ఎంత దూరమని? ఒక్కసారి వెళ్ళి అడిగానా? ఒక కూరగాయల ఆవిడ ఆ వైపు మనిషని తెలిసి, సువార్త అని ఎవరైనా తెలుసా అని మొదలుపెట్టి, వంకాయలు ఎంత అని ముగించాను.

ఇన్నేళ్ళలో నా పొదుపంతా ఇలాంటిదేనేమో. అన్నీ దాచాను. దారప్పోగులు, సీసా మూతలు, ఈ కాగితాలు. ఇచ్చెయ్యవలసిన ఒక్క మాట కూడా దాచాను.

శనివారం వాదన అలాగే ఆగిపోయింది. హారిక ల్యాప్‌టాప్ మూసి అన్నం తిని పడుకుంది. పై వారం అది లేచి నిలబడి, నా బొటనవేలిని రెండు వేల ఏళ్ళ కిందటి మనిషిదని చెబుతుంది. పక్కనే, దొంగిలించిన కూలీ పేరు సువార్త అని కూడా చెబుతుంది. అచ్చు వేస్తారట. అచ్చయ్యాక ఎవరు తుడుస్తారు? నిజం చెబితే పిల్ల మూడేళ్ళ కష్టంలో మంచి ముక్క ఊడిపోతుంది. పైగా అమ్మమ్మ ఎవరో తెలిసిపోతుంది. చెప్పకపోతే సువార్త రెండోసారి నా ముందే నిలబడుతుంది, నేను రెండోసారి చూళ్ళేదంటాను. రెండు వైపులా చూసుకున్నాను. ఇన్నేళ్ళు నాకు బరువనిపించింది ఆ తప్పొక్కటే అనుకున్నాను. తప్పుతో పాటు, సువార్త మీద బెంగ కూడా అందులోనే ఉంది. రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

పొద్దున్నే ఇనుప గరిటె తీశాను. అదే గరిటె, కాడ మార్పించాను. మైనం కొబ్బరిచిప్పలో ఉంది, గుగ్గిలం దేవుడి గూట్లో ఉంది. పెరట్లో అంచు విరిగిన మొక్కల కుండ ఒకటి ఉంటే, పెంకు ముక్క నూరి, మైనంలో కలిపి, హారికని లేపి పక్కన కూర్చోబెట్టుకుని అతికాను. వేలు నీళ్ళలో ముంచి అద్దాను. ఆరాక దాని చేతిలో పెట్టాను. దీన్ని నీ మిషన్లో పెట్టి చూడు అన్నాను. నా బొటనవేలు దాని ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. మీకు చెప్పినంత వివరంగా కాదు. ముంత విరగ్గొట్టింది నేను, దాచింది నేను, సువార్త తియ్యలేదు, అని చెప్పాను.

హారిక అతుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. పర్వాలేదనలేదు. పేపరు గురించి అడిగితే, మా గైడు సార్‌కి ఫోన్ చెయ్యాలి అంది. తర్వాత బ్లేడుతో అతుకులోంచి కొంచెం గీకి చిన్న గాజు గొట్టంలో వేసి, దానికి అంటించే చీటీ మీద రాయడం మొదలుపెట్టింది. తేదీ వేసింది. నా పూర్తి పేరు అడిగి, ఇంటిపేరుతో సహా రాసింది.

"ఆవిడ ఇంటిపేరేంటి? నోటుబుక్కులో ఉన్నది తప్పని సార్‌కి రాసివ్వాలి. ఉత్త సువార్త అంటే ఎవరని వెతుకుతాం?"

రెండు నెలలు ఎదురెదురుగా కూర్చున్నాం. దాని పచ్చడి తిన్నాను. దాని పిల్ల ఉయ్యాల ఊపాను.

తెలియదన్నాను.

అక్కడ ఖాళీ వదిలిపెట్టి, గొట్టం సంచిలో పెట్టుకుని, పిల్ల ఎనిమిదింటి బస్సుకి వెళ్ళింది.